చేతగాని యంత్రాల కాలం

రోటరీ ఫోన్ వాడినవాళ్లకు 9లు, 0లు ఎక్కువున్న నంబరంటే విసుగు. వేలు పెట్టి తిప్పి వదిలాక, డయల్ వెనక్కి వచ్చేటప్పుడు లైన్‌ని టకటకా తెంపి కలుపుతుంది. చాలా దేశాల్లో 1కి ఒకసారి, 9కి తొమ్మిదిసార్లు, 0కి పదిసార్లు. సెకనుకు సుమారు పది చొప్పున లెక్క. అంటే సున్నా ఒక్కటే ఓ సెకను తినేస్తుంది, తిప్పే సమయం దానికి అదనం. చివరి అంకె దగ్గర వేలు జారితే మళ్లీ మొదటికి. ఇంత తతంగం ఉండబట్టే నంబర్లు నోటికి రాకముందే వేళ్లకు వచ్చేసేవి.

వాడకం మితిమీరుతోందనుకుంటే డయల్ రంధ్రంలో చిన్న తాళం బిగించేవాళ్లు. దానికీ విరుగుడు ఉండేది. రిసీవర్ పెట్టే మీటను అదే లయలో నొక్కుతూ వదులుతూ ఉంటే ఎక్స్ఛేంజికి అవే పల్స్‌లు వెళ్తాయి, డయల్ తిప్పినట్టే లెక్క. రెండు అంకెల మధ్య కాస్త ఎక్కువసేపు ఆగాలి, లేకపోతే 3, 4 కలిసిపోయి 7 అయి కూర్చుంటాయి. ఈ విద్య పిల్లలకు అబ్బినంత బాగా తాళం వేసిన పెద్దలకు అబ్బలేదు.

ఆ ఫోన్‌కి కరెంటు కూడా ఎక్స్ఛేంజి నుంచే, అదే తీగలో, సుమారు 48 వోల్టులు వచ్చేది. ఇంట్లో దీపాలు ఆరిపోయినా ఫోన్ మోగడం అందుకే. ఒకే లైన్ మీద రెండు ఫోన్లున్న ఇళ్లలో దీనివల్ల ఇంకో సంగతి జరిగేది. ఒకరు మాట్లాడుతుండగా పక్క గదిలో రెండో రిసీవర్ ఎత్తితే, అంతవరకు ఒక్క ఫోన్‌కి అందిన కరెంటు రెండింటికి పంచుకోవాలి. ముందు టక్‌మని చప్పుడు, వెంటనే అవతలి గొంతు సన్నబడేది. మాట్లాడుతున్నవాళ్లకు సంగతి అర్థమై, కబురు చల్లగా వాతావరణం మీదికి మళ్లేది. దొంగచాటుగా వినడానికి కూడా ఒక చప్పుడు ఉండేదన్నమాట. ఇప్పటి తరానికి తెలియనిది ఆ చప్పుడే.

ఆ రోజుల్లో ప్రైవసీ ఎక్కువని అనుకోవడం సగమే నిజం. ఫోన్ హాల్లో ఉండేది, తీగ ఎంత పొడవుంటే రహస్యం అంత దూరం. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలియంది బయటివాళ్లకు. పాత ఎలక్ట్రోమెకానికల్ ఎక్స్ఛేంజీల్లో లోకల్ కాల్స్‌కి ఒక్కో లైన్‌కీ ఒక మీటరు ఉండేది, అది యూనిట్లు మాత్రమే లెక్కపెట్టేది. ఎవరికి చేశారు, ఎన్నింటికి చేశారు అన్నది దానికి పట్టదు. పట్టించుకోవాలన్నా దానికి చేతకాదు. ఇప్పుడు ఈ ఏర్పాటు తలకిందులైంది. పక్కనే కూర్చున్న మనిషికి మన స్క్రీన్ మీద ఏముందో తెలియదు, ఎన్నడూ చూడని కంపెనీలకు మాత్రం మనం రాత్రి ఎన్నింటికి పడుకున్నామో తెలుసు.

అప్పటి ప్రైవసీని ఎవరూ పనిగట్టుకుని కాపాడలేదు. యంత్రాలకు చేతకాక మిగిలిపోయింది. యంత్రానికి చేతనవడం మొదలైన ప్రతిసారీ భయం కూడా మొదలైంది. 1888లో కోడాక్ చేతి కెమెరా వచ్చి ఎవరైనా ఎక్కడైనా ఫొటో తీసేయగలిగాక, 1890లో శామ్యూల్ వారెన్, లూయిస్ బ్రాండైస్ హార్వర్డ్ లా రివ్యూలో ప్రైవసీ హక్కు మీద వ్యాసం రాశారు. అందులో వాళ్లు ఫిర్యాదు చేసింది అప్పటికప్పుడు తీసే ఫొటోల మీద, పత్రికల చొరబాటు మీద. ఆ వ్యాసంలో కెమెరా ఉన్నచోట ఫోన్ అని రాసుకున్నా పెద్దగా తేడా పడదు.

ఫొటోల విషయమే చూద్దాం. 35 మి.మీ. రీలులో 24 లేదా 36 ఫొటోలు. జాగ్రత్తగా ఎక్కిస్తే చివర ఒకటో రెండో కలిసొచ్చేవి. కడిగేవరకు ఎవరు కళ్లు మూసుకున్నారో తెలియదు. కడిగిన ల్యాబు మనిషి చూసేవాడు, ఆ తర్వాత ఆల్బం తిరగేసినవాళ్లు చూసేవాళ్లు, అంతే. ఇంకో కాపీ కావాలంటే నెగెటివ్ ఉండాలి. నెగెటివ్ ఎవరి బీరువాలో ఉంటే ఆ ఫొటో మీద పెత్తనం వాళ్లది. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాసిన తేదీ, ఊరు, పేర్లే దాని వివరాలు. కొన్ని కెమెరాలు మూలన నారింజ రంగులో తేదీ ముద్రించేవి. దాన్ని సరిచేయడం మరిచిపోయి ఆల్బం మొత్తం ఒకే తేదీతో ఉన్న ఇళ్లు కోకొల్లలు.

ఇప్పుడు ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్‌లో ఎగ్జిఫ్ అనే పొర ఉంటుంది. ఈ ప్రమాణం 1995 నాటిది. ఏ ఫోన్ మోడలు, ఏ లెన్సు, సెకనుతో సహా సమయం, కెమెరాకి లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశ రేఖాంశాలు, అన్నీ అందులో ఉంటాయి. దశాంశం తర్వాత నాలుగో స్థానం అంటే భూమ్మీద దాదాపు 11 మీటర్లు, ఐదో స్థానం అంటే మీటరుకు కాస్త ఎక్కువ. ఇంటి వరండాలో తీసిన పాప ఫొటో ఆ ఇంటి చిరునామా కూడా అన్నమాట.

వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే ఈ వివరాలు పోతాయి, ఎందుకంటే అది ఫొటోని కుదించి కొత్త ఫైల్ తయారుచేస్తుంది. అదే ఫొటోని క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే, ఈమెయిల్‌కి జోడిస్తే, ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది, చిరునామాతో సహా. ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైన ఆప్షన్స్ అని ఉంటుంది, అందులో లొకేషన్ తీసేయొచ్చు. ఆండ్రాయిడ్‌లో కెమెరా యాప్ సెట్టింగుల్లోనే లొకేషన్ ట్యాగ్ ఆపేయడం తేలిక. అయితే ఇది ఇకమీద తీసేవాటికే పనిచేస్తుంది, పాతవి అలాగే ఉంటాయి.

ఎస్ఎమ్ఎస్ రోజులు కూడా ఇప్పుడు జ్ఞాపకాల్లో చేరిపోయాయి. మొదటి ఎస్ఎమ్ఎస్ వెళ్లింది 1992 డిసెంబరు 3న. ఒక్క మెసేజ్‌కి ఉన్న చోటు 1120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పట్టేవి. తెలుగులో రాస్తే ఒక్కోదానికి 16 బిట్లు, అంటే 70. అదీ కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు, 'స్త్రీ' అని రాస్తే ఒక్కటే కనిపిస్తుంది గానీ స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు. పొడుగైతే మెసేజ్ ముక్కలవుతుంది, ముక్కల్ని మళ్లీ అతికించే సమాచారం కొంత చోటు తీసుకోవడంతో ముక్కకి 67 మాత్రమే. పైగా అవతలి ఫోన్‌లో తెలుగు ఫాంటు లేకపోతే అన్నీ డబ్బాలే. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే అలవాటు మనకు ఊరికే అంటుకోలేదు.

ఆ ఇన్‌బాక్స్ పది, ఇరవై మెసేజ్‌లకే నిండిపోయేది. కొత్తది రావాలంటే పాతది ఒకటి చెరపాలి. దేన్ని ఉంచుకోవాలో తేల్చుకోవడంలో అది పంపిన మనిషి మనకెంత ముఖ్యమో తెలిసేది. ఇప్పుడు పదేళ్ల సంభాషణ అంతా అలాగే ఉంది, వెతికితే దొరుకుతుంది కూడా. పోట్లాట మధ్యలో 'నువ్వు అలా అనలేదా' అని నాలుగేళ్ల కిందటి స్క్రీన్‌షాట్ తీసి చూపించడం మానవ సంబంధాల్లో కొత్త ఆయుధం. పాత రోజుల్లో ఇద్దరూ ఇద్దరికి అనువుగా మరిచిపోయేవాళ్లు. మరుపు కూడా కాపురానికి ఒక సదుపాయమే.

ఉత్తరం రాస్తే జవాబుకి రోజులు పట్టేది. ఆలస్యానికి కారణం తపాలా మీదికి నెట్టేయొచ్చు. ఆ వీలుని తీసేసింది టిక్కు గుర్తు. వాట్సాప్‌లో ఒక బూడిద టిక్కు అంటే మన ఫోన్ నుంచి సర్వర్‌కి చేరింది. రెండు బూడిద టిక్కులు అంటే వాళ్ల ఫోన్‌కి చేరింది. 2014 నవంబరులో వచ్చిన నీలి టిక్కులంటే ఆ చాట్ తెరిచారని. చదివారని కాదు, అర్థం చేసుకున్నారని అసలే కాదు. గొడవలన్నీ ఈ తేడా దగ్గరే. ఒక్క టిక్కే ఉండిపోతే బ్లాక్ చేశారని అనుమానపడతారు. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా, నెట్ లేకపోయినా కూడా అదే గుర్తు. నీలం రాలేదంటే చూడలేదనీ కాదు, నోటిఫికేషన్‌లోనే చదివేస్తే నీలం రాదు.

ఈ రీడ్ రిసీట్లు ఆపేయొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్తే ఉంటుంది. ఆపితే అవతలివాళ్ల నీలి టిక్కులు మనకూ కనిపించవు. గ్రూపుల్లో మాత్రం ఆపినా కనిపిస్తాయి, వాయిస్ మెసేజ్ విన్నట్టు గుర్తూ ఆగదు. నన్నడిగితే ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో వాట్సాప్‌లో మాట్లాడేవాళ్లు ముందు మార్చాల్సిన సెట్టింగ్ ఇదే. జవాబు ఎప్పుడివ్వాలన్నది మళ్లీ మన చేతికొస్తుంది. ఎవరైనా నొచ్చుకుంటే 'అందరికీ ఆపేశాను' అనొచ్చు, అది అబద్ధం కూడా కాదు.

పంపింది వెనక్కి తీసుకోవడం గురించి ఒక మాట. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' 2017లో వచ్చినప్పుడు ఏడు నిమిషాలే గడువు. 2022లో రెండు రోజులు దాటి పెంచారు. అయినా అక్కడ 'ఈ మెసేజ్ డిలీట్ అయింది' అన్న సమాధిరాయి లాంటి గుర్తు మిగులుతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ హిస్టరీ ఆన్‌లో ఉంటే, నోటిఫికేషన్‌గా వచ్చిన మాటలు 24 గంటలు అందులో ఉండిపోతాయి. కాబట్టి చెరపడం వల్ల ఒరిగేది కొంచెం, రేకెత్తే కుతూహలం బోలెడు.

వాట్సాప్ సంభాషణలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ 2016 ఏప్రిల్‌కి అందరికీ వచ్చింది. దారిలో ఎవరూ చదవలేరు. కానీ ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు పంపారన్నది ఆ తాళం కిందికి రాదు. బ్యాకప్ సంగతి ఇంకా వేరు. గూగుల్ అకౌంట్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్లే చాట్ బ్యాకప్‌కి కూడా తాళం వేసుకునే వీలు 2021లో వచ్చింది, దాన్ని మనమే చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పెట్టుకోవచ్చు. ఏది పెట్టుకున్నారో అది పోగొట్టుకుంటే ఆ బ్యాకప్‌ని ఇక ఎవరూ తెరవలేరు, వాట్సాప్ కూడా. ఇంత చేసినా, మనతో మాట్లాడినవాళ్లు ఆ పని చేయకపోతే మన మాటల కాపీ వాళ్ల బ్యాకప్‌లో తాళం లేకుండా ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రైవసీ ఎవరికివారు జాగ్రత్తపడితే సరిపోయే వ్యవహారంగా ఇప్పుడు లేదు. చేతిరాత ఫోన్ పుస్తకం పోతే ఒక పుస్తకమే పోయేది. చాలా సిమ్ కార్డుల్లో 250 పేర్లు పట్టేవి, అవి ఆ కార్డు దాటి కదిలేవి కావు. ఇప్పుడు ఒక యాప్‌కి కాంటాక్ట్స్ అనుమతి ఇచ్చామంటే, మన స్నేహితులు, బంధువులు, డాక్టరు, పాత ప్రేమికులు అందరి నంబర్లూ వాళ్లను అడక్కుండానే ఇచ్చేసినట్టు. కాలర్ పేరు చూపించే యాప్‌లు కొన్ని ఇలా పోగైన పుస్తకాల మీదే నడుస్తాయి. ఎవరో తన ఫోన్‌లో వెటకారంగా పెట్టుకున్న పేరు ఇంకెవరికో మన పేరుగా కనిపించేది అందువల్లే.

ఇది ఎంత దూరం పోతుందో 2018లో లోకమంతా చూసింది. రాజకీయ ప్రచారాలకు పనిచేసే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీకి ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు ఒక క్విజ్ యాప్ ద్వారా చేరాయి. ఆ యాప్ పెట్టుకున్నవాళ్లు సుమారు 2 లక్షల 70 వేల మంది. వాళ్ల స్నేహితుల ద్వారా వివరాలు వెళ్లినవాళ్లతో కలిపి 8 కోట్ల 70 లక్షల దాకా ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది. వీళ్లలో దాదాపు అందరూ ఏ క్విజ్‌కీ జవాబు చెప్పలేదు, ఏ బటనూ నొక్కలేదు. వాళ్లు చేసిన తప్పల్లా సరదాపడే స్నేహితులు ఉండటమే.

లొకేషన్ విషయంలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, ఉపగ్రహం మనల్ని చూస్తుందని. జీపీఎస్ ఉపగ్రహానికి మనం ఎవరమో తెలియదు. అది సమయం, తన స్థానం చెబుతూ పోతుంది, ఫోన్ నాలుగైదు ఉపగ్రహాల మాట విని తానెక్కడుందో లెక్కకట్టుకుంటుంది. ఆ లెక్కని ఇంకొకరికి చెప్పేది ఫోన్‌లోని యాప్‌లు. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వం సామాన్యులకు వెళ్లే సంకేతాన్ని కావాలనే కాస్త చెడగొట్టేది, అది ఆపేశాకే వీధి మలుపు చెప్పేంత కచ్చితత్వం అందరికీ వచ్చింది.

పేరు తీసేస్తే లొకేషన్ సమాచారంతో భయం లేదనేది ఇంకో భ్రమ. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో 15 లక్షల మంది మొబైల్ వాడకం చూశారు. ఒక మనిషి ఏ గంటకి ఏ టవర్ దగ్గర ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి వేరుచేయగలిగారు. నిజానికి చాలామందికి రెండే చాలు, రాత్రి ఎక్కడుంటారు, పగలు ఎక్కడుంటారు. స్ట్రావా అనే వ్యాయామ యాప్, వాడేవాళ్లు పరుగెత్తిన దారులన్నీ పేర్లు లేకుండా ఒక ప్రపంచ పటంగా విడుదల చేసింది. 2018 జనవరిలో దాన్ని పరిశీలనగా చూసినవాళ్లకు ఎడారుల మధ్య సైనిక స్థావరాల ఆకారాలు కనిపించాయి. అక్కడ పరుగెత్తేది సైనికులే మరి.

భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు ఒకరి లొకేషన్ ఒకరు చూసుకోవడం ఇప్పుడు మామూలైంది. ప్రేమతోనే మొదలుపెడతారు. పేచీ ఎక్కడొస్తుందంటే, మ్యాప్ మీద చుక్కని జనం సాక్ష్యం అనుకుంటారు. భవనం లోపల ఉపగ్రహాల సంకేతం సరిగా అందదు, అప్పుడు ఫోన్ దగ్గర్లోని వైఫైల్నీ టవర్లనీ బట్టి అంచనా వేస్తుంది. చుక్క చుట్టూ కనిపించే లేత వలయం ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెబుతుంది, దాన్ని ఎవరూ చూడరు. వైఫై రూటర్‌ని ఇల్లు మారినప్పుడు తీసుకెళ్తే, పాత చిరునామానే కొన్నాళ్లు చూపించడం కూడా ఉంది. బ్యాటరీ సేవర్‌లో ఉన్న ఫోన్ ఎప్పటిదో పాత చోటే చూపించొచ్చు. 'ఆఫీసులో ఉన్నానన్నావు, పక్క వీధిలో ఉన్నావేం' అనే ముందు వలయం ఎంత ఉంది, చివరిగా ఎప్పుడు అప్‌డేట్ అయింది, ఈ రెండూ చూడాలి. ఇంకో తిరకాసు, ఒకసారి మొదలుపెట్టిన షేరింగ్‌ని ఆపడం మొదలుపెట్టకపోవడం కంటే కష్టం. ఆపగానే 'ఇప్పుడెందుకు ఆపావు' అన్న ప్రశ్న వస్తుంది. అందుకే గడువు పెట్టి షేర్ చేయడం మేలు, గంట అని పెడితే గంటకి అదే ఆగిపోతుంది, ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

యాప్‌ల అనుమతులు ఒక్కొక్కటిగా అడిగే పద్ధతి ఆండ్రాయిడ్‌కి 2015లో, ఆరో వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు ఇన్‌స్టాల్ చేయాలంటే అన్నిటికీ ఒప్పుకోవాల్సిందే. ఇప్పుడు సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిస్తే ఏ అనుమతి ఏయే యాప్‌లకు ఉందో కనిపిస్తుంది. యాప్‌ల వారీగా చూడకుండా అనుమతుల వారీగా చూస్తే పని త్వరగా అవుతుంది. ముందు లొకేషన్ తీసి, 'ఎల్లప్పుడూ' అని ఉన్నవన్నీ 'వాడుతున్నప్పుడు మాత్రమే'కి మార్చాలి. వాతావరణం చెప్పే యాప్‌కి కచ్చితమైన లొకేషన్ అక్కర్లేదు, సుమారుగా చెబితే సరిపోతుంది. ఆ మీట ఐఓఎస్ 14లో, ఆండ్రాయిడ్ 12లో వచ్చింది. తర్వాత కాంటాక్ట్స్, ఆ తర్వాత మైక్రోఫోన్. స్క్రీన్ పైమూలన చిన్న ఆకుపచ్చ గుర్తు, ఐఫోన్‌లో అయితే నారింజ చుక్క కూడా, వెలిగిందంటే కెమెరానో మైకో పనిచేస్తోందని. పక్క గదిలో రెండో రిసీవర్ ఎత్తితే వచ్చే టక్‌మన్న చప్పుడుకి ఇది దూరపు చుట్టం.

అన్నిటికంటే నిశ్శబ్దంగా జరిగేది లింక్డ్ డివైసెస్ దగ్గర. వాట్సాప్‌ని కంప్యూటర్‌లో తెరవడం 2015 నుంచి ఉంది. ఫోన్ తాళం తీయగలిగినవాళ్ల చేతికి అది చిక్కితే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడానికి అర నిమిషం చాలు, ఆ తర్వాత మన సంభాషణలు ఆ కంప్యూటర్‌లో కూడా తెరుచుకుంటాయి. గొంతు సన్నబడదు, టక్‌మనదు. ఇప్పుడు నాలుగు పరికరాల వరకు కలపొచ్చు, ఫోన్ ఆన్‌లో ఉండాల్సిన పని కూడా లేదు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, గుర్తుపట్టలేనిది ఏదున్నా దాన్ని నొక్కి లాగ్ అవుట్ చేయాలి. పనిలో పనిగా టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టుకోవాలి. గూగుల్ అకౌంట్‌లో మీ పరికరాలు అన్న పేజీ, ఫోన్‌లో నమోదైన వేలిముద్రల జాబితా కూడా చూడాలి. బంధం తెగిపోయినవాళ్లు పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటారు. రికవరీ ఫోన్ నంబరు మాత్రం పాత మనిషిదే ఉంటుంది, దాంతో కొత్త పాస్‌వర్డ్ కూడా మార్చేయొచ్చు. ఐఫోన్‌లో 2022 నుంచి సేఫ్టీ చెక్ అని, ఎవరితో ఏం షేర్ చేస్తున్నామో, ఏ యాప్‌కి ఏ అనుమతి ఉందో ఒకేచోట చూపించే సదుపాయం ఉంది. ఒక్క హెచ్చరిక, అవతలి మనిషి చేయి చేసుకునే రకమైతే అన్నీ ఒకేసారి తెంచేయకూడదు. మన మీద నిఘా తెగిపోయిందని వాళ్లకు తెలిసిపోతుంది. ముందు నమ్మకమైనవాళ్లకు, వేరే ఫోన్ నుంచి, చెప్పి ఏర్పాటు చేసుకుని అప్పుడు తెంచాలి.

నంబర్లు గుర్తుంచుకోవడం మానేయడం వల్ల పెద్ద నష్టమేమీ లేదని అనుకుంటాం, ఫోన్ పోయేవరకు. పోయిన రోజున ఓటీపీ వచ్చేదీ ఆ ఫోన్‌కే, పాస్‌వర్డ్‌లు ఉన్నదీ అందులోనే. ఇంట్లోవాళ్ల నంబర్లు రెండైనా కంఠతా ఉండటం, ఓటీపీ రానప్పుడు లాగిన్ అవడానికి పనికొచ్చే అకౌంట్ బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద ఉండటం పాతకాలపు చాదస్తం అనిపించుకున్నా మంచిదే. గూగుల్ ఒకసారికి పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది.

పెట్టె అడుగున దాచిన ఉత్తరాలు, ఆల్బంలు మనిషి పోయాక ఇంట్లోవాళ్ల చేతికొచ్చేవి. ఫోన్ అలా రాదు. ముందే ఏర్పాటు చేయకపోతే పాస్‌కోడ్ వెనక ఫొటోలు అలాగే ఉండిపోతాయి. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ 2013 నుంచి ఉంది. ఎన్ని నెలలు కదలిక లేకపోతే తెలియజేయాలో, పది మంది వరకు ఎవరికి తెలియజేయాలో, ఎవరికి ఏమేం అందాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. ఫొటోలు అమ్మాయికి ఇచ్చి, మెయిళ్లు ఎవరికీ ఇవ్వకుండా ఉంచొచ్చు. ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ 2021 చివర్లో వచ్చింది, ఐదుగురి వరకు పెట్టుకోవచ్చు. వాళ్లు మరణ ధ్రువపత్రంతోపాటు మనం ముందే ఇచ్చిన యాక్సెస్ కీ చూపించాలి. ఆ కీని మెసేజ్‌గానూ పంపొచ్చు, ప్రింట్ తీసి కూడా ఇవ్వొచ్చు. దాంతో ఫొటోలు, నోట్సు, బ్యాకప్‌లు వస్తాయి గానీ ఐక్లౌడ్ కీచెయిన్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు రావు. బ్యాంకు, బీమా లాగిన్లు అందులోనే ఉన్నవాళ్లు వాటికి వేరే దారి చూసుకోవాలి.